తాతకు తొడిగిన కోటు

నిన్న మా మనవరాలు ఫోనులో నా ఫొటోకు క్షణంలో పట్టుచీర కట్టి, మెడలో రాళ్ల హారం వేసి చూపించి, ఎట్లున్నవ్ అమ్మమ్మా అని మురిసిపోతుంటే, అబ్బ, నా మనసు ఒక్క ఉరుకున డెబ్భైల నాటి పాలంపేట దగ్గరి మా ఊరికి పోయింది.

తాత పోయిన మరుసటి ఏడు, జాతరలో దిగిన ఆయన ఒక్కగానొక్క చిన్న ఫొటో పట్టుకుని, కాజీపేట రైల్వేలో కొలువు చేసే మా బాపు, హనుమకొండలో పెన్సిలుతో పెద్ద బొమ్మలు గీసే ఆర్టిస్టు దగ్గరికి వెళ్లాడు. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ముఖం ఫొటోలోంచి వచ్చేది, బట్టలు ఇంటివాళ్ల కోరికలోంచి వచ్చేవి. జన్మలో చొక్కా తొడగని మనిషికైనా గోడమీద కోటు తప్పేది కాదు. బాపు కోటు కావాలన్నాడు, బాబాయి చేతిగడియారం అన్నాడు, జేబులో పెన్ను పెట్టించమని నేను బాపు వెంటపడ్డాను. రోజూ పొద్దుగూకేవేళ తాత పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అలవాటైన నాయనమ్మ మాత్రం, ముఖం కనబడితే చాలు, మళ్లీ ఆయన ఎదుట కూర్చుంటానంది.

బొమ్మ వచ్చిన రోజు మా ఇంట్లో పండుగే! బస్సు దిగిన బాపు వెంట వాడకట్టంతా నడిచి వచ్చింది. చుట్టిన కాగితం విప్పగానే నల్లకోటు, గడియారం, పెన్నుతో మా తాత వెలిగిపోతుంటే నేను చప్పట్లు కొట్టి గెంతాను. తీరా చూస్తే నాయనమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఊళ్లోకి దొర వస్తే ఆడవాళ్లు జరిగినట్టే తలుపు చాటుకు జరిగి నిలబడి ఉంది.

"గీయిన ఎవలో దొర లెక్కున్నడు కొడుకా, ఈయిన ముంగట నేనెట్ల కూసోవాలె? నా మనిషికి గొంగడి కప్పుమను," అంది.

బాపు బొమ్మను మళ్లీ హనుమకొండకు తీసుకుపోయాడు. ఆర్టిస్టు కోటును రబ్బరుతో చెరిపి, తాత భుజాల మీద గొంగడి గీసిచ్చాడు. ఈసారి నాయనమ్మ కొంగు సర్దుకోలేదు. గోడకు తగిలించీ తగిలించకముందే దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ ఏటి నాట్ల సంగతంతా ఆయనకు చెప్పుకుంది. మాకెంత సంబరమో!

ఆ బొమ్మ ఇప్పుడు నా గదిలో ఉంది. వెలుతురు పక్కనుంచి పడితే గొంగడి కింద చెరిగీ చెరగని కోటు కాలరు, మా బాపు ఆశ, ఇంకా కనిపిస్తుంది. నిన్న ఫోనులోని ఫొటోలో నా నేతచీరే నాకు ఉంచమని అడిగితే మనవరాలు ఇట్టే వేలితో తాకింది, పట్టుచీర, హారం మాయమయ్యాయి. కళ్లద్దాలు పెట్టుకుని ఎంత వెతికినా వాటి గీత ఒక్కటీ కనబడలేదు; అమ్మమ్మను అట్లా చూడాలని ఆ పిల్ల ఎంత ముచ్చటపడిందో రేపు ఎవరికి తెలుస్తుంది?