కోదాడ నల్లబల్ల మీద నా దస్తూరి

దయ్యం సంగతి ఎవరు చెప్పినా నేను రెండే అడిగేవాణ్ణి. చూసింది నువ్వేనా, విన్నమాటా? అప్పుడు వెలుగు ఎంతుంది? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు సూర్యాపేటలో నాకు ఒక్కరూ దొరకలేదు. అందుకే నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు, ఎండాకాలంలో, చదువుకున్నవాళ్ల కళ్లముందు జరిగింది. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు పెడతాను.

నా బడి చదువు ఉర్దూలో సాగి ఉర్దూలోనే ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ఊరి గ్రంథాలయంలోనే. అక్కడ ఒక మూల బీరువాలో ఎవరూ ముట్టని ఇంగ్లీషు లెక్కల పుస్తకాలు ఉండేవి. నిఘంటువు ఒళ్లో పెట్టుకుని వాటిని ఒక్కొక్క వాక్యం చొప్పున చదివాను. జీవనానికి తాలూకా కచేరీ అరుగు మీద అర్జీలు రాసే ఖాజా సాబ్ దగ్గర నకళ్లు రాసేవాణ్ణి.

ఆ పని వల్ల నాకు ఒక అలవాటు వచ్చింది. ఉర్దూ అర్జీ ముగిసిందంటే చివర 'ఫఖత్' అని రాయాలి. ఇంతే, దీని కింద ఎవరూ ఏమీ చేర్చకూడదని దాని భావం. పలక మీద ఒక లెక్కకు రుజువు పూర్తయినా నేను కింద ఫఖత్ అని గీసేవాణ్ణి. పైగా ఉర్దూ బడి చేయి కాబట్టి పలకకు కుడి కొసన మొదలుపెట్టి, ఆ నిలువు వరుస నిండాక ఎడమకు జరిగేవాణ్ణి. లెక్కలు రాసేవాళ్లెవరూ అట్లా రాయరని చాలా కాలం నాకు తెలియదు. చెప్పడానికి ఎవరూ లేరు.

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది. బెజవాడ నుంచి వచ్చే పత్రికలో ఒక ప్రకటన చూశాను. తీరప్రాంతంలో ఒక కళాశాలలో నెల రోజులపాటు శుద్ధగణితంలో వేసవి పాఠశాల పెడుతున్నారు. పట్టా అక్కర్లేదు. ఒక ప్రశ్న ఇస్తారు, జవాబు చెప్పగలిగితే చాలు. అందులో బాగా రాణించినవాళ్లకు చలికాలంలో జరిగే పరిశోధకుల సభలో మాట్లాడే అవకాశం కూడా ఇస్తారు. హైదరాబాదు నుంచి తిరిగి వెళ్తూ ఒక ప్రొఫెసరు గారు కోదాడ ముసాఫిర్ బంగళాలో ఒక పూట ఆగి మా వైపు వాళ్లను పరీక్షిస్తారు.

ఆ ప్రకటన ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. లెక్కల్లో నేను చేసింది సరైనదో కాదో చెప్పగల మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. అట్లాంటివాళ్ల మధ్య నెల రోజులు! బతుకులో నాకు మరో కోరిక లేదనిపించింది.

పరీక్ష రోజు పొద్దున్నే పలక సంచిలో పెట్టుకుని బస్సు దగ్గరికి వెళ్లాను. అది మంచి కాలం కాదు. గ్రంథాలయానికి పోయేవాళ్లంతా కమ్యూనిస్టుల సంఘం మనుషులేనని ఊళ్లో దిగిన పోలీసు క్యాంపు వాళ్ల అనుమానం. బస్సు కోసం నిలబడి పలక తీసి చూసుకుంటుంటే ఒక హవల్దారు వచ్చి చేయి పట్టుకున్నాడు. కృష్ణానది అవతలి మనిషి. క్యాంపుకు తీసుకుపోయి తన ఎదుట బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"ఇంత వయసొచ్చి పలకేమిటయ్యా?" అన్నాడు.

లెక్కలని చెప్పాను.

"లెక్కలైతే అంకెలుండాలిగా. అన్నీ అక్షరాలే. ఏ దళానికి రాశావు?"

అక్షరం అంటే ఏదో ఒక సంఖ్య అని, అది ఏదైనా కావచ్చని వివరించబోయాను. అదే నా కొంప ముంచింది. ఏదైనా కావచ్చంటే తుపాకులూ కావచ్చు గదా అన్నాడు. అక్కడే కూర్చోమన్నాడు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు లోపలికి వినిపించింది. మధ్యాహ్నం ఖాజా సాబ్ వచ్చి నా తరఫున మాట్లాడేదాకా నేను ఆ బెంచీ మీదే ఉన్నాను. హవల్దారు నా మీద నుంచి కన్ను తీయలేదు. అన్నం కూడా నా ఎదుటే తిన్నాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

చివరికి రోజూ సాయంత్రం క్యాంపులో హాజరు వేయించుకోవాలన్న షరతు మీద వదిలారు. ఆ పూట హాజరు ఆలస్యమైతే తను చూసుకుంటానని ఖాజా సాబ్ నన్ను కోదాడ పోయే ఒక లారీ ఎక్కించాడు. చివ్వెంల దాటేదాకా నాకు ఏడుపు ఆగలేదు. ప్రొఫెసరు వెళ్లిపోయి ఉంటాడనే అనుకున్నాను.

ఆయన వెళ్లలేదు. కాని మెట్లెక్కుతుంటే బంగళా బంట్రోతు నన్ను చూసి నవ్వాడు.

"మల్లొచ్చినవా? ఏం మర్సిపోయినవ్?"

నేను అప్పుడే వస్తున్నానన్నాను. అతను పరాచికం అనుకున్నాడు.

వరండాలో ఒక పంతులు కూర్చుని ఉన్నాడు. మిర్యాలగూడ మిషన్ బడిలో లెక్కలు చెప్పే దానియేలు. ఆయన పేరు నాకు తర్వాత తెలిసింది. ఆయనకు మాత్రం నా పేరు అప్పటికే తెలుసు.

"రా వీరయ్యా. పోయినవనుకున్న. నీ సీటు ఖాయమన్నరు గద, ఇంకేం పరేషాన్?" అన్నాడు.

ఆయన్ను నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. ఎవరో నాతో నాటకమాడుతున్నారని మొదట అనిపించింది. క్యాంపు వాళ్లే నా పేరుతో ఒక మనిషిని ముందు పంపి, ఇక్కడ ఎవరెవరు కూడుతున్నారో చూసి రమ్మన్నారా? ఈ పంతులు కూడా వాళ్ల మనిషేనా? ఆ రోజుల్లో ఇట్లాంటి ఆలోచనలు వింత కాదు. అందరం అందరి గురించీ అట్లాగే ఆలోచించేవాళ్లం.

లోపలికి వెళ్లాను. పక్క బడి నుంచి తెచ్చిన నల్లబల్ల గోడకు ఆనించి ఉంది. దాని నిండా సుద్ద రాత. కుడి కొసన మొదలై ఎడమకు జరిగింది. చిట్టచివర ఉర్దూలో ఫఖత్.

అది నా దస్తూరి. పోలి ఉండటం కాదు. నేను ఏడును అడ్డగీతతో రాస్తాను, అది ఉంది. సమాన గుర్తులో కింది గీత పొడుగ్గా వస్తుంది, అదీ ఉంది. నకళ్లు రాసి బతికేవాణ్ణి. ఎవరి రాత ఎవరిదో చెప్పడం నాకు కూడుపెట్టే విద్య.

అక్కడ రాసి ఉన్న రుజువు మాత్రం నాది కాదు.

అది కాస్త చెప్పాలి. ప్రధాన సంఖ్యలంటే ఒకటీ, తనూ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేనివి. వాటిలో నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే వాటికి అంతు లేదని నేను సొంతంగా రుజువు చేసుకున్నాను. ఒకటి మిగిలే వాటికీ అంతు లేదని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది, దారి లేదు. చలికాలమంతా దాని వెంట పడ్డాను. చిక్కలేదు. ప్రొఫెసరు గారు ఇచ్చిన ప్రశ్న అదే. బల్ల మీద దాని జవాబు ఉంది. తెలిసిన అట్లాంటి సంఖ్యలన్నిటినీ గుణించి, రెట్టింపు చేసి, వచ్చినదాని వర్గానికి ఒకటి కలిపారు. ఆ ఒకటి కలపడం చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. భయం వల్ల కాదు. ఎంత దగ్గరగా ఉండి కనపడలేదో తెలిసినందుకు.

గదిలో ఉన్న ప్రొఫెసరు గారికి నిజమే చెప్పాను. పొద్దుటి నుంచి సూర్యాపేట క్యాంపులో ఉన్నానని, ఇది నేను రాయలేదని. ఎవరో నా పేరు మీద పరీక్ష రాసిపోయారని ఆయన అనుమానం. అదీ న్యాయమే. కళ్లజోడు తుడుచుకుని, బల్ల తుడిపించి, సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

అప్పటికి నేను చదవగలిగింది మొదటి వరుసలే. వర్గం ప్లస్ ఒకటి దాకా రాశాను. దాన్ని భాగించే ప్రధాన సంఖ్యను నాలుగుతో భాగిస్తే ఒకటే ఎందుకు మిగలాలి? అక్కడ చేయి ఆగిపోయింది. సుద్ద నా వేళ్లలో విరిగింది.

"పొద్దున వచ్చినాయనకు సీటు ఇచ్చాను," అన్నారు ప్రొఫెసరు గారు చివరికి, మెల్లగా. "అది మారదు. ఆయన్ను రమ్మను."

తిరిగి వచ్చాక మూడో రోజునో నాలుగో రోజునో హవల్దారు పిలిపించాడు. ఆ పొద్దున నన్ను కోదాడలో చూశామని ఎవరో క్యాంపుకు చేరవేశారు. అతని పరిస్థితి నాకంటే అధ్వానం. నేను కోదాడలో ఉన్నానంటే తన కళ్లముందు నుంచి తప్పించుకున్నట్టు. లేనంటే చూసినవాళ్లంతా అబద్ధాలకోర్లు. కోపంతో నేను ఊరి పొలిమేర దాటకూడదని ఆంక్ష పెట్టాడు. వేసవి పాఠశాల నాకు అట్లా ఖతమైంది. ఆ నెలంతా పగలు కచేరీ అరుగు మీద, సాయంత్రం క్యాంపు హాజరులో ఉన్నాను.

మా అమ్మను కూడా అడిగాను, నాతో పాటు ఇంకొకణ్ణి కన్నావా అని. "నిన్నొక్కణ్ణి సాదేటాళ్లకే పానం బొయింది. ఇంకొకడా?" అని చీపురు తీసింది. గ్రంథాలయంలో మనస్తత్వం మీద ఉన్న రెండు పుస్తకాలూ తిరగేశాను. మనిషి చూడనిది చూసినట్టు భ్రమపడటం గురించి చాలా ఉంది. ముగ్గురు ఒకే భ్రమ పడటం గురించి, ఆ భ్రమ సుద్దతో రుజువు రాయడం గురించి ఏమీ లేదు.

తొలకరికి ముందు దానియేలు పంతులు సూర్యాపేటలో దిగి నన్ను వెతుక్కుంటూ కచేరీ దగ్గరికి వచ్చాడు. మొహం చిన్నబుచ్చుకుని ఉన్నాడు. ఆఖరు రోజు చెప్పకుండా వచ్చేశావేమిటని నిష్ఠూరమాడాడు. వేసవి పాఠశాలలో నెల రోజులు ఒకే గదిలో పడుకున్నామట. చలికాలపు సభలో మాట్లాడేవాళ్లలో నా పేరు పెట్టారట.

ఖాజా సాబ్ కలం పక్కన పెట్టాడు. "పంతులు సాబ్, ఈ పోరడు నెల సంది నా పక్కకెల్లి లేవలే. నడిమిట్ల జరమొస్తే సుత గీడనే పన్నడు," అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికి వారు ఎదుటివాడు నాతో కలిసి నాటకమాడుతున్నాడనే అనుకున్నారు. నేను ఇద్దరినీ అనుమానించాను. పంతుల్ని పరీక్షించాను కూడా. ఆ మనిషి ఎడమ చేతి మీద ఏముంది? చిన్నప్పటి కాలిన మచ్చ అన్నాడు. ఆ మచ్చ నాకుంది, కాని నా చొక్కా చేయి కోదాడలోనూ ఆ పూటా మణికట్టు దాకా దింపే ఉంది.

అప్పుడు నేను అడిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకే వింతగా ఉంటుంది. నువ్వు చూసింది ఎవరిని అని అడగలేదు.

"నేను ఏం రుజువు చేసిన పంతులూ?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, అరుగు మీద సుద్దతో రాసి చూపించాడు. రెండు వర్గాల మొత్తంగా రాయగల సంఖ్యల గురించి. చాలా అందమైన పని. ప్రతి మెట్టూ నాకు అర్థమైంది. ఒక్క మెట్టు కూడా నాకు తట్టి ఉండేది కాదు. రెండోసారి చెప్పమన్నాను. మూడోసారి కూడా. పంతులు గొంతు తగ్గుతూ వచ్చింది. నన్ను చూసే చూపు మారింది.

వెళ్లబోతూ ఒక మాట చెప్పాడు. అడిగితేగాని చెప్పకూడదనుకున్నాడట.

"నువ్వు అక్కడ ఎవ్వలితోని మాట్లాడకపోదువు. రోజూ పొద్దుగూకంగ ఒక్కటే అడుగుదువు, సూర్యాపేట బస్సు ఎప్పుడుంటదని. ఏందివయా తొందర అంటే ఏమన్నవో ఎర్కేనా? నా జాగల ఎవడో వచ్చి కూసున్నడు, అర్జీలు రాస్తున్నడు, నేను పోయి చూడాలె అన్నవ్."

ఖాజా సాబ్ మెల్లగా దువా చదువుకున్నాడు.

ఆ చలికాలానికి క్యాంపు పట్టు సడలింది. హవల్దారు బదిలీ అయ్యాడు. అడగగానే అనుమతి ఇచ్చారు. సభకు నేను నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. పంతులు చెప్పింది నాకు కంఠతా వచ్చు. నా పేరుతోనే పిలుస్తారు. లేచి నిలబడి చెబితే కాదనేవారు లేరు. ఎవరు కాదంటారు?

బట్టలు కూడా సర్దుకున్నాను. వెళ్లలేదు.

ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పోలికలున్న మోసగాడు అనుకుంటే ఆ రుజువులకు లెక్క కుదరదు. భ్రమ అనుకుంటే దానియేలు పంతులు నెల రోజులు ఎవరి పక్కన పడుకున్నాడో చెప్పాలి. చదివిన పుస్తకాలేవీ నాకు ఇందులో అక్కరకు రాలేదు. ఆ సభలో ఎవరైనా నా పేరుకు లేచి నిలబడ్డారా అని నేను ఎవరినీ అడగలేదు. పంతులు కూడా చెప్పలేదు.

సభలో అతను ఎదురవుతాడని నేను భయపడలేదు. ఎదురైతే ఆ రెండు వర్గాల సంగతి అతని నోటే వినేవాణ్ణి. భయమల్లా తిరిగి వచ్చేదాని గురించే. సూర్యాపేటలో బస్సు దిగి కచేరీ దగ్గరికి వెళ్తే, ఖాజా సాబ్ పక్కన ఎవరో తల వంచుకుని రాసుకుంటూ ఉంటాడు. సాబ్ తలెత్తి నన్ను చూసి, ఎవరు బాబూ మీరు, ఏం అర్జీ రాయాలి అంటాడు.