కొండమ్మక్క నంబరు

2023లో మార్కాపురంలోని ఒక పశువుల మందుల దుకాణానికి గొర్రెల కాపర్ల డేటాబేస్ తయారు చేసి ఇచ్చాను. టీకా మందు వచ్చినప్పుడు కాపర్లందరికీ ఫోన్ చేసి చెప్పడానికి అది. చిన్న పనే కదా అని ఒక్క టేబుల్‌తో సరిపెట్టాను: పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఒక మనిషి వివరాలు ఇంకొకరితో కలిసిపోకుండా కంప్యూటరుకు ఒక ఆనవాలు ఇవ్వాలి. దాన్ని ప్రైమరీ కీ అంటాం. ఫోన్ నంబరునే ఆ కీగా పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

టీకాలు వేసిన మర్నాడు నేను దుకాణంలో ఉండగానే పెద్దారవీడు వైపు కాపరి చెన్నయ్య మామ వచ్చాడు.

"ఏంది పాపా, నాకు చెప్పనే లేదు? పక్క మందకు రోగం తగిలింది. నాకు నలభై జీవాలుండాయి. అవి పోతే ఏం తిని బతకాల?"

వెతికితే జాబితాలో ఆయన పేరే లేదు. ఆయన చెప్పిన నంబరు పక్కన వేరే కాపరి పేరుంది.

"అది కొండమ్మ నంబరు. కొండ కింద టీ అంగడి ఆమెది. పైన సిగ్నల్ దొరకదు గదా, మేం ఏడుగురం అదే ఇచ్చినాం. ఆమెకు చెప్తే మాకు చెప్పినట్లే."

అదే నంబరుతో కొత్త పేరు ఎక్కించినప్పుడల్లా నా ప్రోగ్రాం పాత పేరును చెరిపేసింది. ఏడుగురిలో చివరి కాపరే మిగిలాడు. దుకాణం వాళ్లు ఆ ఒక్కడి పేరే చెబితే, కొండమ్మక్క ఆ ఒక్కడికే కబురందించింది. అదృష్టం కొద్దీ పశువుల డాక్టరు దగ్గర ఇంకా మందుంది. తప్పు నాదని ఒప్పుకుని బతిమాలితే ఆ మధ్యాహ్నమే వెళ్లి, మిగిలిన ఆరు మందలకూ టీకాలు వేశాడు.

ఆ రాత్రే టేబుళ్లు విడదీశాను. మనుషులకొకటి, ఫోన్లకొకటి, ఎవరికి ఏ ఫోన్ ద్వారా కబురందుతుందో చెప్పే మూడోది ఆ రెండింటినీ కలుపుతుంది. సరిచూసుకుందామని పొద్దున్నే కొండమ్మక్కకు ఫోన్ చేసి, చెన్నయ్య మామ చెప్పిన ఏడు పేర్లూ చదివాను.

"అందరూ వచ్చినారు పాపా," అందామె. ఆ తర్వాత, "నాకూ మూడు మేకలుండాయి. నన్ను రాయలేదేంది?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడిళ్లకు కబురు మోసే మనిషి నా లెక్కలో ఉత్త పది అంకెలు! వెంటనే ఎనిమిదో పేరుగా ఆమెను ఎక్కించాను.

ఇప్పుడు ఎవరు నంబరు రాయించినా ముందు ఒకటే అడుగుతాను: ఈ ఫోన్ ఎత్తే మనిషి పేరేంటి?