రీలు మీద చెయ్యి

ఇప్పుడందరూ ఆమెను కాజాలక్క అంటారు గానీ, ఆ కుట్టుమెషిన్ల హాల్లో ఆమెకు మొదట పెట్టిన పేరు భూకంపం. ఆ పేరు పెట్టిన రోజు అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నోరు కట్టేసుకునే రకం కాదు ఆమె. తూకంలో తేడా వస్తే కూరలవాడితో నడివీధిలో పోట్లాడేది. కాబోయే మొగుడిని మొదటిసారి చూసినప్పుడు, "ఆ చొక్కాకి గుండీలు కుట్టింది ఎవరండీ, వంకరగా ఉన్నాయి" అందట. ఆయనకు ఆ మాటే నచ్చిందట. ఆయన జబ్బుచేసి పోయాక, చంకలో పిల్లతో మిగిలి, చొక్కాలకు గుండీల కాజాలు కుట్టే పనిలో చేరింది.

హాలు మూడో అంతస్తులో. పైన డాబా మీద జనరేటర్. కిటికీ పక్కన కాలర్లు కుట్టే పెద్దామె కూర్చునేది, అందరికీ వదిన. ఈమె చేరిన రోజే కరెంటు పోయింది, పైన జనరేటర్ గుర్రుమంది. అంతే, హాల్లో ఆడవాళ్ళందరి ఎడమచేతులూ ఒక్కసారే లేచి, బల్ల మీది దారపు రీళ్ళ మీద పడ్డాయి. ఒక్కరూ తలెత్తలేదు. ఈమె రీలు మాత్రం దొర్లి కిందపడి, కిటికీ వైపు పరుగెత్తింది.

"అమ్మో, నేల కదిలింది!" అని అరిచింది.

"నేలా?" వదిన రీలు తీసి ఇస్తూ అంది. "కళ్ళు తిరిగి ఉంటాయి. పొద్దున ఏమైనా తిన్నావా, తల్లీ?"

"మరి మీరంతా రీళ్ళు పట్టుకున్నారెందుకు?"

"ఎవరు పట్టుకున్నారు?" అంది వదిన. ఆమె ఎడమచెయ్యి ఇంకా రీలు మీదే ఉంది.

అబద్ధమాడే మనిషైతే మొహంలో ఎక్కడో దొరికిపోతుంది. వదిన మొహంలో నిజంగానే ఏమీ లేదు. ఒళ్ళు జలదరించేది అక్కడే.

మళ్ళీ కదిలింది, మళ్ళీ అరిచింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగింది. మాకేం తెలియలేదన్నారు. వదిన వెనక గోడకు చంటిపిల్లల గౌను కాగితం నమూనా ఒకటి వేలాడుతుంటే ఎత్తి చూసింది. దాని కింద పగులు ఉంది. తిన్నగా హాలు అజమాయిషీ చూసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ మెత్తని మనిషి. "ఇంజనీరుని పిలిస్తే హాలు కొన్నాళ్ళు మూసెయ్యాలమ్మా. అందరూ సరేనంటే పిలుస్తాను" అన్నాడు.

ఆ "అందరూ" అన్న మాట ఆమె కొంప ముంచింది. ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈమె క్యారియర్ పట్టుకుని వెళ్ళేసరికి మాత్రం భోజనాల దగ్గర ఖాళీ ఉండేది కాదు. కత్తెర అడిగితే పనిలో ఉందనేవారు. మెట్లెక్కి వస్తుంటే "భూకంపం వచ్చింది, జరగండి" అని నవ్వులు. కూరలవాడితో పోట్లాడిన నోరు, ఒంటరిగా గోడవైపు తిరిగి తింటూ మూగబోయింది. ఏడుపొచ్చేది. నాకే ఏదో జబ్బేమో అనుకునేది.

ఒకనాడు జనరేటర్ మోగింది. ఆమె చెయ్యి తనంతట తానే రీలు మీదికి పోయింది.

"ఏమ్మా, నేల కదిలిందా?" అటుగా వెళ్తున్న మేస్త్రీ అందరూ వినేలా అడిగాడు.

"లేదన్నా. ఆ రోజేదో కళ్ళు తిరిగాయి."

ఆ మధ్యాహ్నం వదిన జరిగి చోటిచ్చింది. క్యారియర్ మూతలో తన కూర వేసి పెట్టింది. భూకంపం పోయి కాజాలక్క వచ్చింది. ఆ పూట తిన్నంత కమ్మగా ఆమె మళ్ళీ ఎన్నడూ తినలేదు. ఆ తర్వాత నిజంగానే నేల కదలడం మానేసింది, ఆమెకు సంబంధించినంతవరకు. గోడ మీద గౌను కాగితం పోయి చొక్కా కాగితం వచ్చింది. అది పోయి నిలువెత్తు కోటు కాగితం వచ్చింది. ఎందుకు మారుస్తున్నారని ఆమె ఒక్కనాడూ అడగలేదు.

కూతురు పెద్దదై, చదువు ముగించి, నేనూ వస్తానంది. ఆ పిల్లదీ తల్లి నోరే. తల్లికి లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, వద్దనడానికి కారణం దొరకలేదు. ఉన్న కారణాన్ని ఎప్పుడో తనే కాదంది కదా! పిల్లకు వదిన పక్కనే, కోటు కాగితం కింద మెషిన్ ఇచ్చారు.

కరెంటు పోయింది. చేతులన్నీ లేచాయి. పిల్ల రీలు కిందపడి, గోడ దాకా దొర్లింది.

"అమ్మా! నేల కదిలింది కదూ?"

మెషిన్లు ఆగిపోయాయి. అందరూ తలలెత్తి చూశారు, పిల్లను కాదు, తల్లిని. మేస్త్రీ కూడా గుమ్మంలో ఆగాడు. కదిలిందని ఒక్క మాట అంటే చాలు, పిల్లను చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోవచ్చు. నాలుక మీదిదాకా వచ్చింది. ఎదురుగా అన్ని కళ్ళు, ఇన్నేళ్ళు తనకు చోటిచ్చిన మనుషులవి.

"లేదమ్మా. కళ్ళు తిరిగి ఉంటాయి. పొద్దున సరిగ్గా తినలేదుగా" అంది.

మెషిన్లు మళ్ళీ మొదలయ్యాయి. వదిన నవ్వి, పిల్ల తల నిమిరింది. పిల్ల మాత్రం అందరి మొహాలూ ఒకటొకటిగా చూసి, చివరికి తల్లి మొహం చూసి, తల దించుకుంది.

సాయంత్రం జనరేటర్ మళ్ళీ గుర్రుమంది. అందరితో పాటు పిల్ల చెయ్యి కూడా మెల్లిగా లేచి, రీలు మీద వాలింది. తల్లి అది చూసింది. ఇన్నేళ్ళ తర్వాత, ఆమె అరికాళ్ళ కింద నేల కదిలింది. కోటు కాగితం గోడ మీద అటూ ఇటూ ఊగుతోంది. కాగితం అంచు దాటి పగులు పిల్ల తల మీదుగా పైకప్పు దాకా పాకింది. ఆమె అరవాలని నోరు తెరిచింది.

"ఏంటి కాజాలక్కా?" అంది వదిన.

"ఏం లేదు వదినా" అని, ఆమె ఇంకో చొక్కా తీసుకుంది.