పొడుగు పైపు కోసం నేను చేసిన ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, ఆరాధనకు ఈ రబ్బరు పైపు ఎందుకు పట్టుకొచ్చాడని మీలో కొందరు నవ్వుకుంటున్నారు, నవ్వండి, మా ఇంట్లోనూ నవ్వుతూనే ఉన్నారు. చేతిలో పైపు ఉంది కనుక మీకు వందనాలు చివర చెబుతాను, ముందు నా చీకటి రోజుల సంగతి చెప్పనివ్వండి.

నా పేరు ప్రభుదాసు, మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె, నాకున్నదల్లా కొద్దిపాటి పొలం, మా బాపు కొన్న పాత ట్రాక్టరు, నా భార్య సుగుణ. పోయినేడు వరికోతలు అయ్యాక ఒకనాటి పొద్దున మంచం దిగబోతే కుడిపక్క పడిపోయింది, పక్షవాతం అన్నారు, కామారెడ్డి ఆసుపత్రిలో చేర్చారు, దేవుని దయవల్ల ప్రాణం నిలిచింది, మాట వచ్చింది, కాలు కూడా మెల్లమెల్లగా దారికి వచ్చింది, కాని కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు పక్కన వేలాడుతూ ఉండిపోయింది! పార పట్టలేను, అన్నం ముద్ద కలుపుకోలేను. అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఏమిటంటే, మందిరం గుమ్మంలో మీరంతా రెండు చేతులు జోడించి వందనాలన్నా అంటుంటే నేను ఎడమచెయ్యి ఒక్కటే పైకెత్తేవాణ్ణి, బస్సు ఆపేవాడిలాగా. ఆ సిగ్గుతో మందిరానికి రావడమే మానేశాను. చెయ్యి రాని రైతు రైతెలా అవుతాడు, ట్రాక్టరు అమ్మేద్దామని నా నోటితో నేనే అన్నాను, అని గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఎరువు తోలే కాలం వచ్చింది, పశువుల పెంట ఎత్తేది ఎప్పుడూ నేనే, ఇప్పుడు సుగుణ ఒక్కతే తట్ట ఎత్తుతుంటే మంచం మీంచి చూడలేక కళ్ళు మూసుకునేవాణ్ణి. అలాంటప్పుడు నా మందుల కోసం కామారెడ్డి పోయిన సుగుణ ఒక రైసుమిల్లు వెనక గడ్డిలో పాత ఫ్రంట్ లోడరు పడి ఉండడం చూసిందట, ట్రాక్టరు ముందు బిగించేది, రెండు ఇనుప చేతులు, వాటి చివర పెద్ద బకెట్, ఏ కాలంలోనో ఊక నెట్టడానికి వాడి పారేశారు. తీసుకుపోతే మాకూ జాగా ఖాళీ అవుతుందని మిల్లువాళ్ళు అన్నారట, ఇంకేముంది, ఆ తుప్పునంతా ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి వాకిట్లో దింపించింది. నేను తల పట్టుకున్నాను, అదీ ఒక్క చేత్తోనే.

"పారతోని ఎత్తుడు నీతోని కాదు, ఇది ఎత్తుతది," అన్నది. "నువ్వు సీటు మీద కూసుండి నడుపు, గంతే."

ఎల్లారెడ్డిలో వెల్డింగు పని చేసే యూసుఫ్ భాయ్ వచ్చాడు. ఆ లోడరు వేరే ట్రాక్టరుకు చేసినది, ఒక్క బోల్టూ ఒక్క రంధ్రంలో కూర్చోలేదు, అత్తకు కుట్టిన జాకెట్టు కోడలికి తొడిగినట్టైంది, అయినా ఆయన విసుక్కోకుండా ప్లేట్లు కోసి, ఆసరా కడ్డీలు వెనక ఇరుసు దాకా లాగి, బకెట్‌ను పైకి లేపే ఆయిలు పైపులు కలిపి నిలబెట్టాడు. మొదటిసారి బరువు ఎత్తి చూస్తే వెనక చక్రాలు లేచి బండి ముందుకు వంగిపోయింది, మాకంటే ముందు ట్రాక్టరే ప్రార్థనకు వంగిందని అందరం ఒకటే నవ్వు! వెనక రాళ్ళు నింపిన డ్రమ్ము కట్టాక సరిగ్గా నిలిచింది. పాస్టరయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నన్ను పట్టుకుని సీటెక్కించారు.

ఎక్కి చూస్తే ఏముంది, బకెట్ ఎత్తే లివరు కుడివైపున ఉంది! మా దగ్గర ఎవరికి బిగించినా కుడివైపే బిగిస్తారు, అదే అలవాటు, బండి ఎవరి కోసమో అందరికీ తెలుసు గాని ఆ మాట ఒక్కరికీ తట్టలేదు, పక్కనే కూర్చున్న నాకూ తట్టలేదు. నవ్వులన్నీ ఆగిపోయాయి.

"తప్పైంది తమ్మీ, చెయ్యి అలవాటుగ అటే పోయింది," అన్నాడు యూసుఫ్ భాయ్. "ఎడమకు మార్చాలంటే ఆయిలు అందాక పోనీకి పొడుగు పైపు గావాలె."

ఆ పాత లోడరుకు సరిపోయే పైపు ఎల్లారెడ్డిలో లేదు, కామారెడ్డిలో లేదు, ఎక్కడినుంచైనా తెప్పిస్తానని ఆయన పోయాడు. నేను రోజూ పొద్దున్నే ట్రాక్టరు సీటెక్కి ఒకటే ప్రార్థన: "ప్రభువా, భూమ్యాకాశాలు చేసినవాడివి, ఒక్క పొడుగు పైపు పంపుడు నీకెంత పని?" సుగుణ మాత్రం ఊరికే కూర్చోనివ్వలేదు, నా కుడిచెయ్యి తీసి లివరు మీద పెట్టి తువ్వాలతో కట్టేది, పైపు వచ్చేదాకా భుజంతో జరుపుతూ ఉండమనేది. డాక్టరుగారు పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు గాని, మీసాలొచ్చిన మనిషిని బంతితో ఆడుకుంటుంటే ఎట్లుంటుందని పక్కన పెట్టాను. ట్రాక్టరు మీద కూర్చుని లివరు పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరు నవ్వుతారు? ఇంజను ఆపి, ముందుకు వెనక్కు, ముందుకు వెనక్కు జరుపుతూ పాటలు పాడుకున్నాను.

ఒక పొద్దున తువ్వాల ముడి జారి కింద పడింది, కడదామని వచ్చిన సుగుణ అట్లాగే నిలబడిపోయింది, ముడి ఊడింది గాని చెయ్యి ఊడలేదు, నా వేళ్ళు లివరును పట్టుకుని ఉన్నాయి! యేసయ్యా అని ఇద్దరం ఏడ్చాం, ఈసారి సంతోషంతో. వ్యాయామం వల్ల నరాలకు బలం వచ్చిందని డాక్టరుగారు అన్నారు, నిజమే, కాదనను, కాని సహోదరులారా, ఆ లివరును కుడివైపు పెట్టించింది ఎవరు? నేను పైపు అడిగాను, ఆయన చెయ్యి ఇచ్చాడు, దేవునికే మహిమ!

యూసుఫ్ భాయ్ ఎక్కడెక్కడో తిరిగి పైపు తెచ్చిన రోజున నేను ఇంజను వేసి, ఈ కుడిచేత్తోనే నిండు బకెట్ ఎరువు పైకెత్తాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "మరి గీ పైపేం జెయ్యాలె తమ్మీ?" అన్నాడు. మందిరంలో చూపిస్తానని నేను తీసుకున్నాను.

ఇప్పుడు మా పొలానికీ, పక్క పొలాలకూ ఎరువు ఎత్తేది ఆ లోడరే, ఈ పొద్దున మీరు నడిచివచ్చిన మందిరం వాకిలికి మట్టి పోసిందీ అదే. మీలో ఎవరికైనా అడిగింది ఇంకా రాలేదా? సీటు దిగిపోకండి, ఆయనను నమ్మి, పని చేయని ఆ చెయ్యినే లివరు మీద పెట్టండి, అడిగినదానికంటే మంచిది ఆయన దగ్గర ఉంది.

ఇదిగో, పైపు కింద పెడుతున్నాను. రెండు చేతులూ జోడిస్తున్నాను, చూడండి. మీ అందరికీ వందనాలు.