తడి యూనిఫాం

ఇంట్లో అందరూ చిన్నదీ అని పిలిచే ఆ పిల్ల వెల్డర్. కాలేజీలో సీటొచ్చినా కాదని ట్రైనింగ్ సెంటర్లో చేరింది. రెండేళ్లు ఇనుముతో కుస్తీ పట్టి, గేట్లూ మెట్ల రెయిలింగులూ అతికే పనిలో కుదురుకుంది. ఆమె తెచ్చే జీతం అమ్మకు ముద్దే, యూనిఫామే చేదు. నిప్పురవ్వలు పడి చేతుల నిండా చిల్లులైన ఆ నీలం చొక్కాను వీధి వరండాలో ఆరేయనిచ్చేది కాదు. అక్క కాలేజీ గౌను ఫోటో హాల్లో నడిమధ్య వెలుగుతుంటే, చెల్లెలి చొక్కా బాత్రూమ్ వెనక నక్కాలి.

ఆ ఆదివారం వెనక చోటు లేక, ఉతికిన చొక్కాను చిన్నది వంటింటి తలుపు మీద వేసింది. ఇంతలో పెద్దమ్మ చెప్పాపెట్టకుండా ఊడిపడింది.

"ఇదెవరిదే?" అంది అమ్మతో, ముక్కు చిట్లించి.

అమ్మ తడుముకోలేదు. "గేటు బాగుచేయడానికొచ్చినవాడు మర్చిపోయి పోయాడక్కా."

గదిలోంచి విన్న చిన్నదానికి ఒళ్లు మండింది. దాచితే దాచింది, తన చెమటను ముక్కూమొహం తెలియనివాడికి రాసిచ్చేస్తుందా? విసవిసా వచ్చి, నీళ్లోడుతున్న చొక్కాను ఒంటి మీది బట్టల పైనే తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుని పెద్దమ్మ పక్కన సోఫాలో కూర్చుంది.

"ఆ వచ్చినవాడు నేనే పెద్దమ్మా. గేటు తెరుచుకునే వచ్చావుగా? అది చేసింది నేనే."

అమ్మ లబలబలాడింది. "తడి బట్టతో సోఫాలో కూర్చుంటావేంటే! లే ముందు!"

చిన్నది కాలు మీద కాలు వేసుకుంది. "వీధి వరండాలో ఆరనిస్తే, ఒంటి మీద ఆరబెట్టుకునే ఖర్మ నాకేంటమ్మా? ఇది ఆరేదాకా ఇక్కణ్ణుంచి లేవను."