మూడు గీతల పక్కన సున్నా

మా మేస్త్రీ గారు పోయారు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున నేను మద్దిలపాలెం డిపో ముందు బస్సు కోసం నిలబడి ఉంటే, మా షెడ్డు పాత వెల్డరు సైకిలు ఆపాడు. “నీకు తెలీదేటిరా? మేస్త్రీ గారు తెల్లారగట్ల ఎల్లిపోనారు. నమాజయ్యాక తీసుకెళ్తారంట, బేగి రా,” అని తొక్కుకుంటూ పోయాడు. నేనెక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. నేను నోరు మూసుకుని అంతసేపు నిలబడటం ఆ డిపో ఎప్పుడూ చూసి ఉండదు.

రాయడం నా పని కాదు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారి కుర్చీకి జీడి బంక పూశాను. ఆయన లేవలేదు, నేను మళ్ళీ బడిలో కూర్చోలేదు. అయినా ఇది రాయాలి. మేస్త్రీ గారి పేరు మీద ఒక తప్పు ఉండిపోయింది. ఆ తప్పు చేసింది నేను. అది ఆయన మీద నుంచి దించాలి.

పోర్టు రోడ్డు వెనక రేకుల షెడ్డు మాది. ఆరు లేత్ మిషన్లు. పడవల ఇంజన్లకు, క్రేన్లకు కావాల్సిన ఇనప కడ్డీలు, బుష్షులు తిప్పి సైజుకు కోసేవాళ్ళం. మేస్త్రీ గారిది వన్ టౌన్. తెల్ల గడ్డం, ఖాకీ చొక్కా, జేబులో సిగరెట్టు చుట్టుకునే కాగితాల పొట్లం. ఆయన సిగరెట్టు ముట్టరు. ఆ కాగితం మందం ఒక మిల్లీమీటరులో నలభయ్యో వంతు. పనిముట్టు మొన ఇనుముకు సరిగ్గా తగిలిందో లేదో దాన్ని మధ్యలో పెట్టి లాగి చూసేవారు.

ఒకసారి నేను ఆ పొట్లంలో కాగితాలు తీసేసి, అదే రంగు వేరే కాగితాలు అదే సైజుకు కత్తిరించి పెట్టాను. ఆయన ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపారు. చూడనైనా చూడలేదు.

“ఇది నాలుగు గీతలుంది. నా కాగితం రెండున్నర. బద్మాష్, ఇలా తే,” అని చెయ్యి చాపారు.

గీత అంటే చెప్పాలి. మేము కొలిచే మైక్రోమీటరు మీద సన్నటి గీతలుంటాయి. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. మాకు తెలిసిన లోకం అక్కడితో సరి. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడం మొదలయ్యాక అటునుంచి మాకూ పనులు వచ్చాయి. ఆ డ్రాయింగుల నిండా మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే మా ఒక్క గీతలో పది మైక్రాన్లు పడతాయి. మా ఆరుగురికీ ఆ పది ఎక్కించలేక, మేస్త్రీ గారు ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే డ్రాయింగులు చూసి, మైక్రాన్లను గీతల్లోకి మార్చి, ఒక్కో మిషనుకు వేలాడే పలక మీద సుద్దతో రాసేవారు. మేము పలక చూసి కోసేవాళ్ళం. పలక ఏనాడూ తప్పలేదు.

“యూనిట్ చిన్నదైపోతే అంకె పెద్దదవుద్ది. వస్తువు మాత్రం ఉన్నంతే ఉంటాది. అంకె చూసి కంగారు పడకండి,” అనేవారు. వేడిగా ఉన్న కడ్డీని కొలవనిచ్చేవారు కాదు. “సల్లారనీ. వేడి మీదున్న ఇనుమూ మనిషీ నిజం సెప్పరు.”

నా పక్క మిషను మా బావది. మా అక్క మొగుడు. చాలా పద్ధతైన మనిషి, కాబట్టి నా వేషాలకు చాలా అవసరమైన మనిషి. ఒక రోజు ఒక షాఫ్టు కోసం ఆయన పలక మీద ‘60 మి.మీ.కి 3 గీతలు తక్కువ’ అని ఉంది. బావ టీకి వెళ్ళాడు. నేను మూడు పక్కన ఒక సున్నా చుట్టాను. ముప్పై గీతలు! బావ అదిరిపడి, “మేస్త్రీ గారూ, ఇదేటండీ, ఇంత లూజా?” అని పరిగెడతాడు, అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. ఈలోగా ఓనరు నన్ను బేరింగుల కోసం బజారుకు పంపాడు.

బావకు అనుమానం వచ్చింది. మేస్త్రీ గారు నమాజుకు వెళ్ళారని తనే డ్రాయింగు తెరిచి చూశాడు. అందులో 30 అనే ఉంది. అది మైక్రాన్లలో ముప్పై. పలక మీదా ముప్పై, కాగితం మీదా ముప్పై. బావ గుండె కుదుటపడింది. ముప్పై గీతలు లేపేశాడు. ఇనుము తీసేశాక తిరిగి అతకదు.

నేను వచ్చేసరికి ఓనరు పలక ముందు నిలబడి అరుస్తున్నాడు. “మైక్రాన్లని గీతలు సెయ్యడం మరిసిపోనావా ముసలోడా? కళ్ళు పోనాయా, బుర్ర పోయిందా?”

మేస్త్రీ గారు పలక దగ్గరికి వంగి చూశారు. ఆయన సున్నా బొంగరంలా గుండ్రంగా ఉంటుంది. నాది కోడిగుడ్డు. ఆయన దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. చొక్కా చేతితో పలక తుడిచేశారు.

“నా తప్పే సార్,” అన్నారు.

ఆ రోజు నేను బేరింగుల సంచి పట్టుకుని నా మిషను వెనక్కి వెళ్ళిపోయాను. మర్నాడు ఓనరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వాడు. “నువ్వాడే వేషాలన్నీ నాకు తెల్సురా. గురువుని కాయడానికి ఇదో వేషం. ఎల్లి పని సూసుకో.” జీవితంలో మొదటిసారి నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. తప్పు ఓనరుది కాదు. అప్పటిదాకా నేనిచ్చిన సరుకు అలాంటిది.

పలకల పని కొత్తగా చేరిన డిప్లమా సూపర్‌వైజరుకు ఇచ్చారు. మేస్త్రీ గారు అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ మూల మిషను ముందు నిలబడ్డారు.

“నాను సేసిన పనికి మీరెందుకండీ తలొంచారు?” అని అడిగాను.

“ఓనరు నిన్ను గేటు బయట పెడతాడు. నీకు ఇద్దరు పిల్లలు. నన్నైతే తిట్టి ఊరుకుంటాడు. నా పేరులోంచి మూడు గీతలు కోసినా ఇంకా సైజులోనే ఉంటాదిలే.”

శిక్ష మాత్రం వేశారు. రోజూ డ్యూటీకి అరగంట ముందు నేల మీద సుద్దతో పది లెక్కలు. మిల్లీమీటర్లు మైక్రాన్లలోకి, మైక్రాన్లు గీతల్లోకి. తప్పితే కాలితో చెరిపి మళ్ళీ. ఒకనాడు సూపర్‌వైజరు మా పక్క నుంచి దాటుతూ, మైక్రాన్‌ను కూడా వెయ్యి ముక్కలు చేస్తే నానోమీటరు అన్నాడు.

“దాన్ని దేంతో కొలుస్తారండీ?” అన్నాను.

మేస్త్రీ గారే అందుకున్నారు. “మైక్రాన్ దాకా మన కార్ఖానా. ఆ కిందది పైవాడి కార్ఖానా. అక్కడ నీ వేషాలు సాగవు. లెక్క పూర్తి సెయ్.”

ఏడాదికి సూపర్‌వైజరు ఉక్కునగరంలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. పలకలు ఎవరు రాస్తారని ఓనరు అడిగితే, మేస్త్రీ గారు మూల నుంచి నా వైపు గడ్డం ఎత్తి చూపించారు. ఆ వేళ నుంచి నేనే రాస్తున్నాను. రాసిన ప్రతి సున్నానూ రెండుసార్లు చూస్తాను.

బావకు మాత్రం చెప్పలేదు. ముసలాయన తన చేత తప్పు కోయించాడని, తన పేరూ పాడైందని ఆయన మేస్త్రీ గారితో మాట మానేశాడు. ఈ రోజు చెబుదాం, పండగ వెళ్ళాక చెబుదాం అనుకుంటూ ఏడేళ్ళు గడిపాను. అక్క ఇంట్లో భోజనాలకు వెళ్ళాను, బావ పక్కనే కూర్చుని తిన్నాను. మేస్త్రీ గారు ఒక్కసారీ చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు.

శుక్రవారం ఖబరస్తాన్‌లో అందరం తలా మూడు పిడికిళ్ళ మట్టి వేశాం. బావ కూడా వచ్చాడు, వెనక నిలబడ్డాడు. ఓనరు చేతులు దులుపుకుంటూ, “మంచి పనోడు. ఆ ఒక్క షాఫ్టు తప్ప ఏనాడూ సెడగొట్టలేదు,” అన్నాడు.

“అదీ ఆయన సెడగొట్టలేదు. ఆ సున్నా నాది,” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

“ఇంకా ఆయన్ని కాస్తన్నావేటిరా?” అన్నాడు ఓనరు.

బావ నా మొహంలోకి చూశాడు. నేను వేషం వేసేటప్పుడు ఎలా ఉంటానో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

“నిజవేనా?”

“నిజవే బావ.”

ఆయన సమాధి వైపు తిరిగాడు. “ఏడేళ్ళు ఆ మనిషి రోడ్డు మీద ఎదురైతే మొహం తిప్పుకుని పోనానురా నాను,” అన్నాడు. తిట్టలేదు. కొత్త మట్టి దగ్గరికి వెళ్ళి, వంగి, ఇంకో పిడికెడు తీసి మెల్లగా వేశాడు. తర్వాత గేటు దాటి, ఎవరి కోసం చూడకుండా హార్బరు వైపు దిగే రోడ్డు పట్టాడు.

నేను వెనకే నడిచాను. పిలిచే ధైర్యం లేదు. మలుపు దగ్గర ఒక బొగ్గు లారీ వస్తే ఆయన పక్కకు ఆగాడు. లారీ వెళ్ళిపోయింది, దుమ్ము సర్దుకుంది, రోడ్డు ఖాళీ అయింది. బావ నా వైపు వీపు పెట్టి అక్కడే నిలబడి ఉన్నాడు.