మనుషులున్న ఆటో

మా అక్క కూతురు ఇందు ఆ ఏడాది హైదరాబాదులో సంగీత కళాశాల ప్రవేశ పరీక్షకు వేళకు చేరలేకపోయింది. ఆ పిల్ల స్టేషన్లో తల దువ్వుకుంటూ కూర్చోవడమే కారణమని మా బంధువులందరికీ తెలుసు. వాళ్లకు ఆ సంగతి చెప్పింది నేనే. అది అబద్ధమని తెలిసి నోరు మూసుకున్నదీ నేనే. రైలు వేళకే వచ్చింది. పిల్ల జడ రైల్లోనే వేసుకుంది. ఎక్కడా ధర్నా లేదు, వాన లేదు, ఎవరికీ జ్వరం రాలేదు. ఇన్ని అనుకూలతల మధ్య కూడా ఇంత ఘనంగా దారి తప్పడం మామూలు మనిషి వల్ల కాదు. నేనెలా సాధించానో చెబుతాను, వినండి.

మాది శృంగవరపుకోట. ఇందు చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకుంది. మా బావకు నాట్ల పని ఉండి, పిల్లను నాకు అప్పగించాడు. విజయనగరంలో రైలు కదులుతుంటే కిటికీ పట్టుకుని నడుస్తూ మరీ చెప్పాడు.

"ఒరే, జాగర్త. ఇది కుదరకపోతే ఇంక సంగీతం మాటెత్తనివ్వను. డిగ్రీలో పడీడమే."

"నానున్నాను కదా బావా! హైదరాబాదంటే నాకు మన సంతబజారు లాంటిది."

నిజానికి నేను హైదరాబాదు చూసింది ఒకే ఒక్కసారి. అది కూడా పెళ్లి బస్సు కిటికీలోంచి, సగం నిద్రలో.

పొద్దున్నే సికింద్రాబాదులో దిగాం. కళాశాల ఊరి నడిబొడ్డున ఉంది. ఇందు ఫోను తీసింది.

"మావా, ఇందులో ఆటో బుక్ సేసీనా? సరిగ్గా గుమ్మం కాడ దింపుతాడు."

"ఫోను లోపలెట్టెయ్. నానుండగా ఫోనెందుకే?"

ఇక్కడ నా సిద్ధాంతం ఒకటి మీకు చెప్పాలి. మా వైపు ఆటో ఖాళీగా కదలదు. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్లేదైనా, మా కోట నుంచి కొత్తవలస వెళ్లేదైనా అంతే. వంకాయల బుట్టలు, పాల క్యాన్లు, ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్న జనం అన్నీ నిండాక, డ్రైవరు సీటు అంచున సగం గాలిలో వేలాడుతూ బండి తీస్తాడు. మనం చెయ్యెత్తి, "జరగండి బాబూ" అని దూరిపోవడమే. ఎటు వెళ్తుందని అడిగే పనే లేదు. అది వెళ్లే రోడ్డు ఒకటే, ఆ రోడ్డు వెళ్లేది ఊరి మధ్యకే. అలా నా బుర్రలో స్థిరపడిపోయిన సత్యం ఏమిటంటే: మనుషులున్న ఆటో నమ్మకమైన ఆటో, ఖాళీ ఆటో పచ్చి మోసం.

స్టేషన్ బయట ఖాళీ ఆటోలు బారులు తీరి ఉన్నాయి. "ఏడికి వోవాలె అన్నా?" అని ఒక్కొక్కరూ అడుగుతుంటే, మంత్రిగారిలా చెయ్యి ఊపుతూ దాటిపోయాను. అప్పుడు కనిపించింది, రద్దీలో ఆగిన ఒక ఆటో. లోపల పట్టుబట్టలు కట్టుకున్న ముసలి దంపతులు, ఒడిలో పళ్ల పళ్లెం. నా ప్రాణం లేచొచ్చింది.

"జరగండి బాబూ" అని ఎక్కేశాను. పాపం, పెద్దాయన జరిగారు. ఇందు మాత్రం రోడ్డు మీదే నిలబడిపోయింది.

"మావా, అందులో మనుషులున్నారు."

"అందుకే ఎక్కమంతన్నాను!"

డ్రైవరు వెనక్కి తిరిగి పెద్దాయన్ని అడిగాడు. "మీవోళ్లేనా సార్?"

ఆయన ఇందు భుజానికున్న వయొలిన్ పెట్టె చూసి, చిరునవ్వు నవ్వి, "మావాళ్లే, పోనీ" అన్నారు. ఎంత మర్యాదస్తులండీ ఈ నగరవాసులు, అనుకున్నాను.

ఆటో పోతోంది, పోతోంది. మేడలు పొట్టివయ్యాయి. తరవాత పలచబడ్డాయి. తరవాత మాయమయ్యాయి.

"మావా, ఊరైపోతన్నాది."

"పెద్ద ఊరు కదే, మద్దిలో కాళీ జాగాలుంటాయి."

"గేదెలు కూడా ఉన్నాయి మావా."

"ఇంత జనానికి పాలెక్కడినుంచి వస్తాయనుకున్నావు?"

ఆటో ఆగింది. మామిడాకుల తోరణం, పూల ద్వారం, మా మీద పన్నీరు. ఒకాయన నా చేతిలో ఉప్మా పళ్లెం పెట్టి, "మేళం వాళ్లు టిఫిన్ కానిచ్చి వేదిక మీదకి రండి" అన్నాడు. ఊరవతల ఫంక్షన్ హాలు అది. ఆ దంపతులు మనవరాలి నిశ్చితార్థానికి వచ్చారు. వియ్యాలవారు సంగీతం పెట్టిస్తామన్నారట. పెట్టె చూసి మేమే ఆ సంగీతం అనుకున్నారు.

ఇందు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పెద్దావిడ సంగతంతా విని, నన్ను ఎగాదిగా చూశారు.

"మరి మా ఆటో ఎందుకెక్కారు నాయనా?"

"మనుషులున్నారని ఎక్కామండి."

ఆ హాల్లో ఎవరికీ ఆ జవాబు అర్థం కాలేదు. ఆవిడ వెంటనే చుట్టాల కారొకటి ఇప్పించి పంపించారు. మేం చేరేసరికి పరీక్ష గదికి తాళం వేస్తున్నారు. "వచ్చే ఏడాది రామ్మా" అన్నారు మేష్టారు.

తిరుగు రైల్లో ఇందు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. నేను అబద్ధం కుట్టుకుంటూ కూర్చున్నాను. ఇంటికి వెళ్లగానే బావ "ఏటైంది?" అంటే, "నీ కూతురు తల దువ్వడం తెవల్లేదు బావా" అన్నాను. ఇందు నా వైపు ఒక్కసారి చూసింది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది. పిల్ల డిగ్రీలో చేరింది, వయొలిన్ బీరువా పైకెక్కింది.

మరుసటి వేసవిలో అదే వయొలిన్ దించుకుని, వాళ్ల నాన్న ముందు నిలబడింది. "నాన్నా, ఒక్కసారి పంపించు. ఒక్కర్తినే ఎల్తాను. తల ఇంటికాడే దువ్వుకుని ఎల్తాను."

వెళ్లింది. ఫోను చెప్పిన దారినే వెళ్లింది. సీటు తెచ్చుకుంది.

మొన్న హైదరాబాదులో ఇందు తొలి కచేరీ. అక్క, బావ, నేను కలిసి వెళ్లాం. స్టేషన్ బయట ఇందు ఎదురొచ్చింది. ఆ పిల్లను చూడగానే, ఇంక దాచకూడదనిపించింది. ధైర్యం జారిపోకముందే అక్కాబావల్ని ఎదురుగా ఆగిన ఆటో ఎక్కించేశాను. బావను డ్రైవరు పక్కన ఇరికించాను, వెనక అక్కను కూర్చోబెట్టాను, నేనూ దూరి గడగడా మొత్తం కక్కేశాను.

"దొంగసచ్చినోడా!" అంది అక్క. బావ నెత్తి కొట్టుకున్నాడు. అక్క బయట నిలబడ్డ ఇందు వైపు తిరిగింది. "నువ్వయినా సెప్పలేదేమే?"

"సెప్తే నాన్న మావతో మాటలు మానెస్తాడమ్మా. మావకి మనం తప్ప ఎవులున్నారు?"

చేతులు జోడించాను. "తప్పు నాదేనమ్మా. నీ ఏడాది నానే పాడు సేసినాను. పైగా నింద నీ మీదెట్టినాను. నన్ను సమించు తల్లీ."

ఇందు కళ్లు తుడుచుకుంది. నవ్వింది. "సమించీసినాను గానీ మావా, ముందు దిగు. మనకి బుక్ సేసిన ఆటో అదిగో, అక్కడున్నాది. ఇందులో ఎవులో కూకున్నారు."

పక్కకు చూశాను. మూలన ఒక బక్కపలచని పెద్దమనిషి, ఒడిలో సంచీ, ఆయన కళ్లలోనూ నీళ్లు. ఎప్పుడు జరిగారో ఏమో, నాకు బోలెడు చోటిచ్చారు.

అరసవల్లి సూర్యదేవుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మనుషులున్న ఆటో ఎక్కను. ఎక్కినా, ముందు వాళ్లెవరో కనుక్కుంటాను. ఆ పెద్దమనిషికి కూడా అప్పటికప్పుడే క్షమాపణ చెప్పుకుని, ఆటో దిగాను.